అజిత్రో వేసుకోవాలా, ఆగాలా? హన్మకొండ మందుల షాపు కౌంటర్ మీంచి ఒక లెక్క

2021 మే నెల. 12వ తేదీ నుంచి లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది వరకే జనం బయటికి రావాలి. మందుల షాపులకు ఆ గడువు లేదు కానీ, వచ్చేవాళ్లకు ఉంది కదా. అందుకని హన్మకొండలో మా షాపు ముందు ఆరింటికే లైను కట్టేవారు. అందరి ఫోన్లలో ఒకటే వాట్సాప్ ఫొటో: అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఐవర్‌మెక్టిన్, జింక్, విటమిన్ సి.

"అన్నా, ఈ సెట్టు నాలుగియ్యి. ఇంట్ల నలుగురం ఉన్నం."

"జ్వరం ఎవరికొచ్చింది?"

"మా నాయినకే. మిగతాయి ముందు జాగ్రత్తకు."

ఇచ్చాను. డాక్టర్ చీటీ అడగలేదు. ఆ నెలలో అమ్మినన్ని అజిత్రో షీట్లు అంతకుముందు ఏడాదంతా కలిపినా అమ్మి ఉండను. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటే, తర్వాత సలహాలు చెప్పడానికి నాకు కొంచెం మొహం చెల్లుతుంది.

కరోనా అనేది వైరస్. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, అంటే యాంటీబయాటిక్. బ్యాక్టీరియా తన ప్రొటీన్లు తయారు చేసుకునే యంత్రాన్ని అది బిగబట్టేస్తుంది. వైరస్‌కు సొంతంగా అలాంటి యంత్రమే లేదు, మన కణంలో దూరి మనదాన్నే వాడుకుంటుంది. అమాక్సిసిలిన్ అయితే బ్యాక్టీరియాను గోడ కట్టుకోనివ్వదు. వైరస్‌కు ఆ గోడా లేదు. పత్తి చేనులో పురుగు పడితే కలుపు మందు కొట్టినట్టు.

పైగా అప్పటికే పరీక్షించి చూశారు కూడా. ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు అజిత్రో వల్ల లాభం లేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద అధ్యయనం 2020 డిసెంబర్‌లో చెప్పింది. ఇంట్లోనే ఉండి కోలుకుంటున్నవాళ్లకు అజిత్రో గానీ డాక్సీ గానీ ఉపయోగపడలేదని ప్రిన్సిపుల్ అనే ఇంకో అధ్యయనం 2021 జనవరిలో తేల్చింది. మా షాపు ముందు లైను కట్టింది ఆ తర్వాత నాలుగు నెలలకు. తేలికపాటి కరోనాకు జ్వరం, దగ్గు మందులు తప్ప ఈ జాబితా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ చెప్పేసరికి రెండో వేవ్ దిగిపోతోంది.

మన దేశంలో 2020 జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కరోనా వల్ల మామూలు కంటే అదనంగా అమ్ముడైన యాంటీబయాటిక్ డోసులు 21 కోట్ల పైనేనని పరిశోధకులు అమ్మకాల లెక్కల నుంచి అంచనా కట్టారు. అజిత్రో అదనపు అమ్మకాలే దాదాపు 3.8 కోట్ల డోసులు. ఇక ఆసుపత్రుల సంగతి. 65 దేశాల నుంచి నాలుగున్నర లక్షల మంది రోగుల వివరాలు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిందేమిటంటే, చేరిన కరోనా రోగుల్లో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కూడా ఉన్నవాళ్లు సుమారు 8 శాతం. యాంటీబయాటిక్ ఇచ్చింది మాత్రం నలుగురిలో ముగ్గురికి.

మనకు ఇది కొత్త కథ కాదు

వరంగల్ పత్తి రైతుకు ఈ విషయం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1997–98లో పత్తి మీద లద్దెపురుగు పడి, ఏ మందు కొట్టినా చావక, మందు మీద మందు కలిపి కొట్టి, అప్పులు పెరిగి ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లు కూలిపోయాయో యాభై దాటినవాళ్లందరికీ గుర్తే. తర్వాత బీటీ పత్తి వచ్చింది. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. చావాల్సిన పురుగుల్లో తట్టుకున్న నాలుగు మిగులుతాయి, వాటి సంతానమే చేనంతా నిండుతుంది. మన పేగుల్లో, గొంతులో, చర్మం మీద ఉండే బ్యాక్టీరియా విషయంలో జరిగేదీ అదే. మందు కొట్టిన ప్రతిసారీ, అవసరం ఉన్నా లేకున్నా, తట్టుకునేవాటికే చోటు దొరుకుతుంది. అజిత్రో ఇంకో పని కూడా చేస్తుంది. చివరి గోలి మింగాక కూడా చాలా రోజులు ఒంట్లో కొద్దికొద్దిగా మిగిలి ఉంటుంది. తట్టుకునే రకాలకు అది సాధన చేసినట్టే.

ఆ పత్తి కథలోనే నాకు నచ్చిన ఇంకో ముక్క ఉంది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి ఊరు 2006లో రసాయనాలు మానేసింది. వాళ్లు పురుగు మందు తీసేసి దాని స్థానంలో ఇంకో డబ్బా తెచ్చి పెట్టలేదు. వేప కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, రోజూ చేనులో తిరిగి చూసుకోవడం, ఇలా పది పనులు కలిపి చేశారు. షాపుకు వచ్చి "యాంటీబయాటిక్ వద్దంటే మరి దాని బదులు ఏమిస్తవ్?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. దాని బదులు ఒక గోలి అంటూ లేదు. జబ్బును బట్టి, రోజును బట్టి చేసే పనులున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

"జర పవర్ ఉన్నది ఇయ్యి"

మా కౌంటర్ దగ్గర అన్నింటికంటే ఎక్కువగా వినపడే మాట ఇది. యాంటీబయాటిక్స్‌లో పవర్ అనేది లేదు. ఏ బ్యాక్టీరియాకు ఏది సరిపోతుందనేదే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని మూడు గుంపులుగా పెట్టింది. మామూలుగా ముందు వాడాల్సినవి మొదటి గుంపు: అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ లాంటివి. ఆచితూచి వాడాల్సినవి రెండోది: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ ఇందులో ఉంటాయి. ఇక వేరే దారి లేనప్పుడు తీయాల్సినవి మూడోది, కొలిస్టిన్ లాంటివి. ఇప్పుడు మన దేశం సంగతి చూడండి. 2019 లెక్కల్లో దేశంలో అందరికంటే ఎక్కువ మింగిన యాంటీబయాటిక్ గోలి అజిత్రోమైసిన్ 500, తర్వాతది సెఫిక్సిమ్ 200. రెండూ రెండో గుంపువే. జనం పవర్ గోలి అనేది వీటినే. పొయ్యి వెలిగించడానికి పెట్రోలు పోసినట్టు.

చట్టం సంగతి చెప్తే నవ్వుతారు గానీ చెప్పాలి. యాంటీబయాటిక్ ఏదైనా చీటీ లేకుండా అమ్మకూడదు. సెఫిక్సిమ్, లివోఫ్లాక్సాసిన్ లాంటివి 2014 నుంచి హెచ్1 జాబితాలో ఉన్నాయి. డాక్టర్ పేరు, రోగి పేరు, మందు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. షీట్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది చీటీ మీదే ఇవ్వాల్సిన మందని గుర్తు. ఇంట్లో డబ్బాలో ఉన్న షీట్లు తీసి ఒకసారి చూడండి, ఎన్నింటి మీద ఆ గీత ఉందో.

షాపు గోలి, ఆర్‌ఎంపీ సూది, ఆగి చూడటం

జ్వరమొచ్చిన మొదటి రోజు మన దగ్గర మనిషి ముందు ఉండేవి ఈ మూడే. నాలుగోది ప్రభుత్వ దవాఖాన. అక్కడికి మొదటి రోజే పోయేవాళ్లు తక్కువ.

షాపు గోలి సులువు. పని మానుకోనక్కర్లేదు, కన్సల్టేషన్ ఫీజు లేదు. వైరల్ జ్వరమైతే మూడు నుంచి ఐదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అజిత్రో కోర్సు కూడా మూడు రోజులో ఐదు రోజులో. రెండూ ఒకే రోజు ముగుస్తాయి కాబట్టి పేరు గోలికి వస్తుంది. మళ్లీసారి కూడా అదే అడుగుతారు.

ఆర్‌ఎంపీ దగ్గరికి పోవడాన్ని నేను చిన్నచూపు చూడను. పరకాల అవతల ఊళ్లలో రాత్రి పదకొండింటికి పిలిస్తే పలికేది ఆయనే. కానీ ఆ సూదిలో ఏముందో అడగండి. "సూది ఏసినంక గంటలనే లేచి కూసున్న" అంటే అందులో చాలాసార్లు డెక్సామెథసోన్ ఉంటుంది, అంటే స్టెరాయిడ్. ఒళ్లు నొప్పులూ జ్వరమూ వెంటనే అణగుతాయి, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. అదే మందు ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగుల ప్రాణాలు కాపాడిందని 2020 జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం లేదనీ అదే అధ్యయనం చెప్పింది. షుగర్ ఉన్నవాళ్లు కరోనాలో ఇష్టారాజ్యంగా స్టెరాయిడ్లు వాడాక బ్లాక్ ఫంగస్ ఎలా వచ్చిందో చూశాం. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ దవాఖాన నిండిపోయింది. నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూది డెంగీ జ్వరంలో రక్తస్రావాన్ని పెంచుతుంది, ఇది కూడా గుర్తుంచుకోండి. వానాకాలంలో మన దగ్గర ఏ జ్వరమూ మొదటి రోజు డెంగీ కాదని చెప్పలేం.

ఆగి చూడటం అంటే ఊరికే పడుకోవడం కాదు, అది కూడా పనే. థర్మామీటర్ కొనండి. పెద్దవాళ్లకు పారాసిటమాల్ 650, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. పిల్లలకు వయసును బట్టి కాదు, బరువును బట్టి. నీళ్లు, గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు. మూత్రం పోయడం తగ్గిందేమో చూసుకోవాలి. కరోనా లాంటి వైరస్ తిరుగుతున్న రోజుల్లో పల్స్ ఆక్సీమీటర్ ఇంటికొకటి కాకపోయినా వాడకు ఒకటి ఉండాలి. 94 కంటే తగ్గితే ఆగడం మానేసి బయల్దేరాలి.

ఎవరు ఆగకూడదు? మూడు నెలల లోపు పసిపిల్లకు జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. గర్భిణులు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు మొదటి రోజే చూపించుకోవాలి. ఆయాసం, మాట తడబడటం, ఆగని వాంతులు, విపరీతమైన కడుపునొప్పి, చిగుళ్లలోంచి రక్తం ఉంటే రోజులు లెక్కపెట్టొద్దు. ములుగు, ఏటూరునాగారం, ఉట్నూరు వైపు ఏజెన్సీ ఊళ్లలో చలి జ్వరమైతే ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష అదే రోజు చేయించుకోవాలి.

నా ఓటు మిగతావాళ్లకు మూడు రోజులు ఆగడానికే. నాలుగో రోజు జ్వరం ఇంకా ఉంటే షాపుకు రావద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో బస్తీ దవాఖానకో పోండి. రక్తం తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపుతారు, డబ్బు కట్టనక్కర్లేదు. రిపోర్టు ఆలస్యమవుతుందని జనం విసుక్కుంటారు, అది నిజమే. అయినా గుడ్డిగా మూడు రకాల యాంటీబయాటిక్స్ మింగే ఖర్చు కంటే అది నయం.

ఏ జబ్బుకు ఏది

సర్ది, దగ్గు: యాంటీబయాటిక్ వద్దు. తెమడ పచ్చగానో ఆకుపచ్చగానో ఉంటే బ్యాక్టీరియానే అని మా షాపులో పనిచేసే కుర్రాళ్లు కూడా నమ్మేవారు. అది తప్పు. వైరస్‌తో పోరాడిన తెల్ల కణాలే ఆ రంగు తెస్తాయి. ఇంకో సంగతి, సర్ది తగ్గినా దగ్గు మామూలుగా రెండున్నర వారాలు ఉంటుంది. ఐదో రోజుకే "గోలి పనిచేయలే, మార్చు" అంటారు. అలా మారుస్తూ పోతే లివోఫ్లాక్సాసిన్ దాకా వస్తుంది, అక్కడే అసలు ప్రమాదం. లివోఫ్లాక్సాసిన్ టీబీ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. ఉన్న టీబీని కొన్నాళ్లు మరుగున పడేస్తుంది, పరీక్షలో దొరకనివ్వదు, తర్వాత మొండి టీబీకి వాడాల్సిన మందును ముందే పాడుచేస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కావాల్సింది కొత్త గోలి కాదు, తెమడ పరీక్ష.

గొంతు నొప్పి: ఎక్కువ భాగం వైరసే. దగ్గు, ముక్కు కారడం తోడుంటే దాదాపు వైరసే అనుకోవచ్చు. దగ్గు లేకుండా గట్టి జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి పొర, మెడ ముందు గడ్డలు నొప్పిగా ఉంటే డాక్టర్ చూడాలి. అప్పుడు కూడా రాయాల్సింది పాత పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్. చవక మందు కదా అని తీసిపారేయొద్దు.

పొలం జ్వరం: ఇక్కడ నా సలహా తిరగబడుతుంది. పొదల్లో, గడ్డిలో తిరిగేవాళ్లకు కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉండొచ్చు, లేకపోవచ్చు కూడా. దానికి మందు డాక్సీసైక్లిన్. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. యాంటీబయాటిక్ చెడ్డదని విని ఇలాంటి జ్వరానికి కూడా మొండికేసేవాళ్లను చూశాను, అది అజిత్రో మింగడం కంటే పెద్ద తప్పు. డాక్సీసైక్లిన్ గురించి చిన్న ముచ్చట. దాని వంశంలో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. మట్టిలోంచి దాన్ని పట్టింది బెంజమిన్ డగ్గర్, అక్కడి పరిశోధనకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక తెలుగువాడి చేతి కింద పుట్టిన మందును మనం 2021లో విటమిన్ సి తో కలిపి సెట్టు కట్టి అమ్మాం.

టైఫాయిడ్: జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్ ఉన్నది" అని సెలైన్ ఎక్కించడం మన దగ్గర ఎంత మామూలో అందరికీ తెలుసు. మొదటి వారంలో ఆ పరీక్షకు విలువ లేదు. మామూలు మనుషుల్లో కూడా పాజిటివ్ రావచ్చు. నమ్మదగింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఉన్న బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష, అది కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసింది. ఈ పోలికలో అందరూ మర్చిపోయే సంగతి ఇదే. టైఫాయిడ్‌కు ఒకప్పుడు సిప్రో చాలు, ఇప్పుడు మన దేశంలో చాలావరకు పనిచేయదు. నోటి ద్వారా వేసుకునేవాటిలో మిగిలిన గట్టి అండ అజిత్రోమైసినే. కరోనాకు పప్పుబెల్లాల్లా పంచింది దాన్నే.

విరేచనాలు: ఓఆర్‌ఎస్. పిల్లలకు తోడుగా జింక్, 14 రోజులు. అంతే. ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ కలిపిన గోలి అలవాటుగా అడిగేవాళ్లు వారానికి ఇరవై మంది వస్తారు. మలంలో రక్తం పడినా, బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతున్నా దవాఖానకు పోవాలి, లేదంటే యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఓఆర్‌ఎస్ అడిగితే షాపుల్లో చేతిలో పెట్టే తీపి పానీయం డబ్బాల మీద ఇప్పుడు ఆ పేరు వాడుకునే వీల్లేదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు నిషేధించింది. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపితే మేలు కంటే కీడు.

మూత్రంలో మంట గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఇది మా ఇంటి గోడు. 2022లో మా అమ్మకు మంట, చలి జ్వరం వచ్చాయి. అలవాటుగా షాపులోంచి సెఫిక్సిమ్ ఇచ్చాను. తగ్గలేదు. మార్చాను. తగ్గలేదు. చివరికి ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేర్పిస్తే అక్కడ కూడా మూత్రం కల్చర్‌కు పంపక ముందే సూది మొదలుపెట్టారు. అడిగి పంపించుకున్నాం. రిపోర్టులో ఒక్కో మందు పేరు ఎదురుగా ఒక్కో అక్షరం ఉంటుంది. ఎస్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. పైనుంచి కిందికి ఆర్, ఆర్, ఆర్. మా షాపు అరలో ఉన్న గోలీల పేర్లన్నీ అక్కడ వరుసగా ఉన్నాయి, అన్నింటికీ ఆర్. రోజుకు మూడుసార్లు నరానికి ఎక్కించే మందు, ఇంకో రెండు, వాటికే ఎస్. వారం ఆసుపత్రిలో ఉంది. కరోనా రోజుల్లో నేనే ఆమెకు రెండుసార్లు ఆ సెట్టు వేశాను. అదే కారణమని ఎవరూ రుజువు చేయలేరు, నేను మాత్రం ఆ రిపోర్టు ఇంకా పారేయలేదు.

ఆ తర్వాత ఆమెకు మళ్లీ మళ్లీ రాకుండా చేసింది యాంటీబయాటిక్ కాదు. పత్తి ఏరడానికి, మిరప కోతకు పోయే ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగరు. తాగితే పోయడానికి చోటుండదని భయం. మా అమ్మ జీవితమంతా అలాగే గడిపింది. తరచూ ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లు రోజూ తాగేదానికి ఇంకో లీటరున్నర నీళ్లు కలిపి తాగితే అది రావడం సగానికి తగ్గిందని 2018లో ఒక అధ్యయనం చూపింది. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు మెథెనమైన్ అనే గోలి ఉంది. అది మూత్రంలో విడిపోయి క్రిములను చంపుతుంది, నెలల తరబడి చిన్న డోసు యాంటీబయాటిక్ వేసుకోవడానికి దాదాపు సమానంగా పనిచేసిందని 2022లో బ్రిటన్ డాక్టర్లు చూపారు. కిడ్నీ, కాలేయం చూసి డాక్టరే రాయాలి. ముట్లు ఆగిన వయసువాళ్లకు ఈస్ట్రోజెన్ క్రీమ్ కూడా సాయపడుతుంది. మన దగ్గర ఈ మాట ఆడవాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

కషాయం, తేనె, తిప్పతీగ

అల్లం, మిరియాలు, తులసి కషాయం గొంతుకు హాయి. నేనూ తాగుతాను. అది వైరస్‌ను చంపదు, బ్యాక్టీరియాను చంపదు, మందులను తట్టుకునే బ్యాక్టీరియాను కూడా తయారు చేయదు. అందుకే పనికిరాని అజిత్రోతో పోలిస్తే కషాయానికే నా మార్కులు. తేనెకు ఇంకొంచెం ఎక్కువ. దగ్గు తగ్గించడంలో దానికి ఆధారం ఉంది, బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లోనే రాశారు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం ఒక్క చుక్క కూడా నాకించొద్దు, అందులో ఉండే బొట్యులిజం బీజాలు పసివాళ్ల కండరాలను పడగొడతాయి. పుట్టగానే తేనె నాకించే అలవాటున్న ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పండి.

తిప్పతీగ దగ్గర ఆగుతాను. కరోనాలో ఇంటింటికీ తిప్పతీగ రసం తాగారు. 2021లో ముంబై డాక్టర్లు అది తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. కామెర్లు వచ్చినవాళ్లు, కొన్ని రకాల థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే) జబ్బులున్నవాళ్లు దాన్ని పక్కన పెట్టడం మేలని నా అభిప్రాయం. ఆవిరి పట్టడం గురించి ఒక్క మాట: ముక్కుకు కాస్త సుఖం, అంతకుమించి లేదు. మరిగే గిన్నె మీద పిల్లలను వంచొద్దు.

బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజులు, వాటితో వైద్యం గురించి యూట్యూబ్ చూసి అడిగేవాళ్లూ ఉన్నారు. నిజమే, గంగ, యమున నీళ్లలో కలరా క్రిములను చంపేదేదో ఉందని 1896లోనే హాంకిన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త రాశాడు. జార్జియా దేశంలో వందేళ్లుగా ఈ వైద్యం చేస్తున్నారు. మన మందుల షాపుల్లో మాత్రం దొరకదు. అది ఇంకా రేపటి మాట.

టీకా

యాంటీబయాటిక్‌కు నిజమైన ప్రత్యామ్నాయం ఏదని నన్ను నిలదీస్తే టీకా అంటాను. జబ్బే రాకపోతే గోలి గొడవే లేదు. 23 రకాల క్రిములకు టీకాలు, ఇప్పుడున్నవీ ఇంకా రావాల్సినవీ, సరిగ్గా వాడితే ప్రపంచంలో యాంటీబయాటిక్ వాడకం 22 శాతం తగ్గించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క కట్టింది. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లోనే తయారవుతుంది, భారత్ బయోటెక్‌ది. పసిపిల్లలకు న్యుమోనియా టీకా పీసీవీ ప్రభుత్వ దవాఖానలో ఉచితం. పెద్దవాళ్లలో షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే ఏటా ఫ్లూ టీకా, డాక్టర్‌ను అడిగి న్యుమోనియా టీకా. ఫ్లూ టీకా వైరస్‌కు కదా, దానికీ యాంటీబయాటిక్‌కూ ఏం సంబంధం అంటారు. 1918 మహమ్మారిలో పోయినవాళ్లలో ఎక్కువ మందిని చంపింది ఫ్లూ వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా. మేడారం జాతరకు పోయే ముందు వనదేవతలకు బంగారం, అంటే బెల్లం, తూకం వేయించుకుంటాం కదా, అలాగే టీకా కూడా ఒక నెల ముందే వేయించుకుంటే మంచిది.

ఆసుపత్రిలో చేరినప్పుడు

ఇంకో మహమ్మారి వచ్చి, ఇంట్లో ఎవరినైనా వరంగల్ ప్రభుత్వ దవాఖాన ఎంజీఎంలోనో ప్రైవేట్‌లోనో చేర్పించాల్సి వస్తే డాక్టర్‌తో వాదించనక్కర్లేదు. రెండు ప్రశ్నలు అడగండి. "యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు కల్చర్ తీశారా సార్?" "రెండు మూడు రోజులకు రిపోర్టు చూసి ఆపొచ్చేమో చెప్తారా?" ఒంట్లో వాపును చూపే రక్త పరీక్షలో సీఆర్‌పీ పెరిగిందని మాత్రమే యాంటీబయాటిక్ ఇస్తే అదీ అడగొచ్చు, కరోనా లాంటి వైరస్ ఒక్కటే చాలు సీఆర్‌పీ పెంచడానికి. డాక్టర్ చూసి రాసిన కోర్సును మాత్రం మీకు మీరుగా మధ్యలో ఆపొద్దు. తగ్గిస్తే ఆయనే తగ్గించాలి. న్యుమోనియాకు ఈ మధ్య ఐదు రోజులు చాలంటున్నారు, పదికి పది వాడాలనే పాత లెక్క అన్నిటికీ వర్తించదు. టీబీ మందులకు ఈ మాట అస్సలు వర్తించదు.

మా షాపులో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాను. చీటీ లేకుండా జ్వరమని వస్తే పారాసిటమాల్ ఇస్తాను, ఓఆర్‌ఎస్ ఇస్తాను, ఒక చిన్న కాగితం మీద జ్వరం మొదలైన తేదీ, ఇవాళ్టి జ్వరం ఎన్ని డిగ్రీలు, నాలుగో రోజు ఏ తారీఖు పడుతుందో రాసి చేతిలో పెడతాను. వెనక వైపు దగ్గర్లోని బస్తీ దవాఖాన టైమింగ్స్. కొందరు తిట్టుకుంటూ పక్క షాపుకు పోతారు. వాళ్ల బేరం పోతుంది, ఏం చేస్తాం.

మొన్న నర్సంపేట రోడ్డు నుంచి వచ్చిన ఒకామె ఆ కాగితం తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. నాలుగో రోజు తారీఖు కింద పెన్నుతో గీత గీసి ఉంది.

"దవాఖానకు పోయినవా అక్కా?"

"లేదన్నా, మూడో దినమే తగ్గింది. మా పిల్లగానికి కూడ మొదలైంది, గిసొంటి కాయితం ఇంకోటి రాసియ్యి."